అద్దె యిల్లా, సొంత యిల్లా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కొని చూడుమని వారు చెప్పలేదు. వారి కాలమున ఇల్లు కట్టుకొనునదే గాని సంతలో బేరమాడి కొనునది కాదు. అద్దెకుండుట యన్నచో ఎవరో యొక ఆసామి యింటి వసారా గదిలో, ఆయన దయ యున్నంతకాలము, తలదాచుకొనుటయే. ప్రభుత్వమో పురపాలక సంఘమో తానే యిల్లు కట్టించి, జీవితాంతము అద్దెకిచ్చి, యజమానిగా నుండుట యను పద్ధతి యొకటి కలదని మనలో ననేకులకు నేటికిని తెలియదు. పాశ్చాత్య దేశములలో నిది నూరేండ్లుగా ఎన్నికలను గెలిపించుచు ఓడించుచు వచ్చిన విషయము.

ఈ సంగతి మేము తలచుటకు కారణము ఒక యుత్తరము. మా సోదరి కుమారుడొకడు లండనులో బస్సు నడుపుచు, పన్నెండేండ్లుగా అచ్చటి పురపాలక సంఘమువారి ఫ్లాటులో భార్యాబిడ్డలతో అద్దెకున్నాడు. 2024 నవంబరు మొదటివారమున అతడు మాకు వ్రాసెను. ఆ నెల 21వ తేదీ వచ్చినచో, అద్దెకున్న యింటిని కొనువారికి సర్కారు ఇచ్చు తగ్గింపు లండనులో అత్యధికముగా 1,36,400 పౌనులుండునది, చాలా పేటలలో 16,000 పౌనులకు పడిపోవునట. "మామయ్యగారూ, ఇక్కడ మనవాళ్ళందరూ వెంటనే అర్జీ పెట్టెయ్యమంటున్నారు. కట్టిన అద్దె అంతా నీళ్ళల్లో పోసినట్టే అంటున్నారు. మీరు లాయరు గదా, మీరేమంటారు?" అని అతని ప్రశ్న. మూడు వారములలో తేల్చుకొనవలసిన ప్రశ్న యది.

మేము వెంటనే కొనుమని గాని కొనవద్దని గాని వ్రాయలేదు. ఇరువది సంవత్సరములుగా దస్తావేజులు చదువుచున్న అలవాటుచేత, ముందుగా అతని చేతిలో నున్న కాగితమేదో, కొన్న పిమ్మట చేతికి వచ్చు కాగితమేదో పంపుమంటిమి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు గాని ఈ బేరము స్వరూపము తెలియదు. చదువరులకు కొంచెము ఓపిక కావలెను. ఇందులో మన యూరికి పనికివచ్చు సంగతి యున్నది.

ఇంగ్లండులో పురపాలక సంఘములు ప్రభుత్వ ధనసహాయముతో పెద్దయెత్తున అద్దె యిండ్లు కట్టుట 1919 నాటి గృహనిర్మాణ చట్టముతో మొదలయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ పని మరింత విరివిగా సాగెను. 1980 ప్రాంతమునకు ఆ దేశపు కుటుంబములలో సుమారు మూడవవంతు ఇట్టి యిండ్లలోనే యుండెను. కూలివాండ్రు మాత్రమే గాదు, బడిపంతుళ్ళు, నర్సులు, గుమాస్తాలు కూడ నుండిరి. ఆ సంవత్సరము మార్గరెట్ థాచర్ ప్రభుత్వము చేసిన గృహనిర్మాణ చట్టము అక్టోబరు 3వ తేదీన అమలునకు వచ్చెను. మూడేండ్లు అద్దెకున్న వానికి తన యింటిని వెల తగ్గించి కొనుక్కొను హక్కు దానివలన కలిగినది. తగ్గింపు మూడేండ్లకు నూటికి 33, ఏటికొకటి చొప్పున పెరిగి 50 వరకు. తరువాతి సవరణలతో ఫ్లాటులకు 70 వరకు పోయెను.

ఆ చట్టమును గూర్చి మాటాడువారందరు ఈ విక్రయపు భాగమునే చెప్పుదురు. మరియొక భాగము కలదు. అదే చట్టము, కొనని వారికి కూడ స్థిరమైన అద్దెహక్కును శాసనరూపమున నిచ్చెను. చట్టములో చెప్పిన కారణములలో నొకటి కోర్టులో రుజువైన గాని అద్దెదారును వెళ్ళగొట్టరాదు. అతడు మరణించినచో ఆ హక్కు భార్యకు సంక్రమించును. అనగా ఒకే శాసనము ఒక చేతితో అమ్మకపు తలుపు తెరచి, రెండవ చేతితో, అమ్మకము లేకున్నను నిర్భయముగా నుండవచ్చునని చెప్పినది. మా మేనల్లుని చేతిలో నున్న కాగితము ఈ రెండవ చేతినుండి వచ్చినదే. అద్దె అంగడి అద్దెకంటె చాల తక్కువ. పైకప్పు కారినను, గోడ బీటవారినను బాగుచేయించు పూచీ సంఘముదే. పిల్లల బడి ఏటేట మార్చవలసిన పని లేదు.

ఇక కొన్న పిమ్మట వచ్చు కాగితము. ఇంగ్లండులో ఫ్లాటు కొనుట యనగా భూమిని కొనుట కాదు. సాధారణముగా 125 ఏండ్ల లీజును కొనుట. భూమియు కట్టడమును సంఘమువే. క్రయము అన్న మాట ఎంత గంభీరముగా నున్నను, న్యాయవాది కంటికి అది పొడుగైన కౌలే. అంతకుముందు సంఘము భరించిన మరమ్మతులలో ఇప్పుడు తన వంతు తానిచ్చుకొనవలెను. లిఫ్టు మార్చినను, మేడ కంతటికి కొత్త కిటికీలు పెట్టినను వేల పౌనుల బిల్లు ఒక్కమారుగా వచ్చి పడవచ్చును. అట్టి బిల్లులు చెల్లింపలేక తల్లడిల్లిన కుటుంబముల కథలు అచ్చటి పత్రికలలో కొత్త గావు.

"అద్దె నీళ్ళపాలు" అను మాటను గూర్చి కొంచెము లెక్క వేయుదము. ఈ మాట మన యూళ్ళలో కూడ నోటికి వచ్చినట్లు వాడుచున్నారు. ఒకడు రెండు లక్షల పౌనులు నూటికి 5 వడ్డీకి 25 ఏండ్ల గడువుతో అప్పు తెచ్చెననుకొందము. నెలకు సుమారు 1,169 పౌనులు కట్టవలెను. మొదటి నెల అందులో 833 పౌనులు వడ్డీకే పోవును, అసలులో తీరునది 336. ఐదేండ్లు తిరుగునప్పటికి అతడు 70 వేల పౌనులు కట్టియుండును. వానిలో 47 వేలు వడ్డీ. అద్దె నీళ్ళపాలైనచో వడ్డీ యే గాదెలో పడినది? బ్యాంకువాని గాదెలోనే గదా. వడ్డీరేటు కూడ ఒకచోట నిలుచునది కాదు. 1989-90లలో బ్రిటనులో రేట్లు నూటికి 15 దాక పోయెను. 1991వ సంవత్సరమొక్కదానిలోనే వాయిదాలు చెల్లింపలేని 75 వేలకు పైబడిన యిండ్లను అప్పిచ్చినవారు స్వాధీనపరచుకొనిరి.

అయినను కొన్నవారందరు మూర్ఖులనుట న్యాయము కాదు. మొదటి యేండ్లలో తోటలతో కూడిన చక్కని యిండ్లను సగము ధరకు కొన్న పనివారు నిజముగా బాగుపడిరి. ముప్పది యేండ్లకు అప్పు తీరి, ముసలితనమున అద్దె బెంగ లేక కూర్చున్నవారు లక్షలున్నారు. అద్దెకున్నవాడు డెబ్బదవ యేటను అద్దె కట్టవలసినదే, ఆ కాలమునకు జీతము రాదు. బిడ్డల కొక ఆస్తి మిగిలెనన్న తృప్తి లెక్కకందునది కాదు. తలుపునకు తనకు నచ్చిన రంగు వేసికొనుటకు ఎవరినో యడుగనక్కరలేకుండుట కూడ చిన్న సంగతి గాదు. మా మేనల్లుని భార్య కిదే ముఖ్యమైన కారణమట. ఆమె మాటను మేము తేలికగా తీసివేయలేదు.

ఒక్క కుటుంబపు మేలుకీళ్ళు ఇట్టివి. ఊరి మేలుకీళ్ళు వేరు. 1980 మొదలు నేటివరకు ఇంగ్లండులో ఈ హక్కు క్రింద సుమారు 20 లక్షల యిండ్లు అమ్ముడుపోయెను. అమ్మగా వచ్చిన ధనముతో పురపాలక సంఘములు మరల ఇండ్లు కట్టియుండినచో బాధ లేకుండెడిది. ఆ సొమ్ములో పెద్దభాగమును కొత్త యిండ్లకు వాడరాదని పై ప్రభుత్వము వారి చేతులు కట్టెను. విత్తనపు గింజలు సైతము అమ్మించి, ఆ పైకముతో విత్తనములు కొనవద్దన్నట్లైనది. నేడు అచ్చట ఇట్టి అద్దె యిండ్లలో నున్నవారు ఆరింట ఒక వంతు మాత్రమే. 2024 మార్చి నాటికి ఈ యిండ్లకై పేరు వ్రాయించుకొని వేచియున్న కుటుంబములు 13 లక్షలు. అమ్ముడుపోయిన యిండ్లలో చాల భాగము చేతులు మారి వ్యాపారుల పాలై, అంగడి ధరకు మరల అద్దెకే వచ్చినవి. నిలువనీడ లేనివారిని ఉంచుటకు కొన్నిచోట్ల సంఘములు తాము ఒకప్పుడు అమ్మిన ఫ్లాటులనే అధికమైన అద్దెకు తీసికొనవలసి వచ్చినది. స్కాట్లండు 2016లోను వేల్సు 2019లోను ఈ విక్రయమును పూర్తిగ మాన్పించినవి. ఇంగ్లండు మాన్పలేదు, తగ్గింపును మాత్రము కోసివేసినది. మా మేనల్లుని తొందరకు కారణమిదియే.

దీనికి ఎదురుగా వియన్నా నగరమున్నది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఆ నగరములో పనివారు గాలి వెలుతురు లేని గదులలో క్రిక్కిరిసి యుండిరి. 1923 నుండి నగరసభవారు ఇండ్లపై ఒక ప్రత్యేకపు పన్ను విధించిరి. చిన్న యింటికి నామమాత్రము, విలాస భవనములకు మిక్కిలి హెచ్చు. ఆ పన్ను రూపొందించినవాడు ఆర్థికశాఖ చూచిన హ్యూగో బ్రైట్నర్. ఆ ధనముతో అప్పు చేయకుండ 1934 లోపల 60 వేలకు పైగా ఇండ్లు కట్టిరి. 1930లో పూర్తియైన కార్ల్ మార్క్స్ హోఫ్ అను భవనసముదాయము ఒక కిలోమీటరునకు మించిన పొడవు. దానిలో 1,382 ఇండ్లు, వానితో పాటు చాకిరేవులు, శిశువిహారములు, గ్రంథాలయము. కట్టుబడి ఖర్చును అద్దెలో రాబట్టలేదు. నిర్వహణకు చాలినంత మాత్రమే అద్దె. పనివాని జీతములో నూటికి నాలుగైదు పాళ్ళకు మించలేదు.

1934 ఫిబ్రవరి అంతర్యుద్ధమున ఆ భవనములపై ఫిరంగులు పేల్చిరి. తరువాత నాజీలు వచ్చిరి, యుద్ధము వచ్చెను. ఇన్ని వచ్చి పోయినను నగరము ఆ యిండ్లను అమ్మలేదు. నేడు వియన్నా నగరసభకు సుమారు 2,20,000 అద్దె యిండ్లు కలవు. వీనిని, ప్రభుత్వ సహాయముతో కట్టిన సహకార గృహములను కలిపి చూచినచో నగరవాసులలో సగముమంది ఇట్టి నీడనే యున్నారు. గడువు లేని ఒడంబడిక. చేరునప్పుడు ఆదాయపు హద్దు చూతురు, ఆ హద్దు కూడ మధ్యతరగతివారికి అందునంత యెత్తున నున్నది. చేరిన పిమ్మట జీతము పెరిగెనని వెళ్ళగొట్టరు. అందుచేత పేదవాని యిల్లు అను ముద్ర దానికి పడలేదు. లోపములు లేవనము. రెండేండ్లు నగరమున నివాసముండిన గాని అర్జీకి అర్హత లేదు, కొత్తగ వచ్చిన కూలివాడు ఆ రెండేండ్లు అంగడిలోనే వేగవలెను. అట్లయినను అచ్చట ఇల్లు కొనకున్నవానిని బంధువులు జాలిగా చూడరు. కొనుటయు మానుటయు వాని యిష్టము.

సింగపూరును తెచ్చి మాకు జవాబు చెప్పువా రుందురు. నిజమే. 1960లో స్థాపించిన గృహనిర్మాణ మండలి మొదట అద్దె యిండ్లే కట్టి, 1964 నుండి అమ్మనారంభించెను. 1968 నుండి భవిష్యనిధిలోని పొదుపును ఇంటి వెలకు వాడుకొననిచ్చిరి. నేడచ్చటి వారిలో ఐదింట నాల్గు పాళ్ళమంది మండలి యిండ్లలోనే యున్నారు, మన తెలుగువారు కూడ నున్నారు. అయితే అదియు 99 ఏండ్ల లీజు. గడువు తీరిననాడు ఇల్లు సర్కారునకు చేరును. పాత ఫ్లాటులన్నిటికి నష్టపరిహారము వచ్చునని యాశించి అధిక ధర పెట్టవద్దని 2017లో వారి మంత్రియే జనులను హెచ్చరింపవలసి వచ్చెను. అన్నిటికంటె ముఖ్యము, అచ్చట అమ్మిన కొలది మరల కట్టుచునే యున్నారు, భూమిలో అధికభాగము ప్రభుత్వము చేతిలో నున్నది. ఈ రెండును లేనిచోట సింగపూరు పేరు చెప్పుట వట్టి మాట.

ఇక మన సంగతి. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదున 1912లో నగరాభివృద్ధి సంస్థ నొకదానిని నెలకొల్పి, మురికిపేటలు తీసివేసి, పేదలకును చిన్నజీతగాండ్రకును ఇండ్లు కట్టించిరి. సీఐబీ క్వార్టర్లను పేరు నేటికిని అచ్చటచ్చట వినబడుచున్నది. ఆ దారి సాగలేదు. తరువాతి ప్రభుత్వములు, ఏ పక్షమువైనను, ఇల్లిచ్చుట యన్నచో పట్టా యిచ్చుట యనియే తలచినవి. తెలంగాణమున 2015లో తలపెట్టిన రెండు పడకగదుల యిండ్లు 560 చదరపుటడుగులవి, ఉచితముగా నిచ్చునవి. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి సుమారు 30 లక్షల యింటిస్థలములకు స్త్రీల పేర పట్టాలు పంచిరి. 300, 365, 430 చదరపుటడుగుల ఫ్లాటులు పురములలో కట్టిరి. పెద్దవానికి లబ్ధిదారు పేరనే బ్యాంకు అప్పు. వీనివలన మేలు పొందినవారున్నారు. ఆడుదాని పేర నింటి కాగితముండుట ఎంత బలమో కోర్టులో దినదినము చూచువారము మేము, దానిని చులుకన చేయము.

కాని గత వేసవిలో మా యొద్దకు వచ్చిన ఒక తాపీకూలి వితంతువు మాట మరువలేకున్నాము. ఆమెకు ప్రభుత్వపు టిల్లు కలదు. ఊరికి పది మైళ్ళ దూరమున తాళము వేసియున్నది. తాను రైతుబజారు వెనుక ఒక రేకుల గదిలో అద్దెకున్నది. "ఇల్లిచ్చారు బాబూ, కాదనను. అక్కడినించి పొద్దున్నే అడ్డా మీదికి రావాలంటే ఆటోకే సగం కూలి పోతది. పిల్లది ఇక్కడే బళ్ళో ఉంది. ఆ ఇల్లు ఎవరికైనా అద్దెకిచ్చుకోవచ్చా?" అని యడిగినది. అమ్మరాదు, ఇతరులకు అప్పగింపరాదు అను షరతులు కాగితముపై నున్నవి. ఆ మాట చెప్పుటకు మాకు సిగ్గు కలిగెను. ఇల్లు కలిగియు అద్దెకున్న మనిషి యామె. ఆ అద్దెకైనను గట్టి కాగితము లేదు.

ఇచ్చట ఒక చిన్న రహస్యము చెప్పవలెను, మా వృత్తివారికి తెలిసినదే. మన యూళ్ళలో అద్దె కాగితములన్నియు పదునొకండు నెలలకే యేల వ్రాయుదురు? సంవత్సరమునకు మించిన లీజును రిజిష్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చును, ఆ సాక్ష్యమును తప్పించుకొనుటకు ఒక నెల తగ్గించిరి. ఈ ఒక్క నెల తగ్గింపుతో మన పురవాసులలో లక్షలమంది బ్రతుకు ఏటేట మరల బేరమునకు వచ్చుచున్నది. ఇంటాయన అల్లుడు వచ్చుచున్నాడనును, అద్దె వేయి పెంచుమనును, వంట వాసన పడదనును, కులమడుగును. మనవారు తలకు మించిన అప్పు చేసి ఊరి చివర గది యైనను కొనుక్కొనుట ఇంటిపై మక్కువచేతనే యనుకొనుట పొరపాటు. అందులో సగము ఈ పదునొకండవ నెల భయము. లండనులోని మా మేనల్లునికి ఆ భయము లేదు. అందుచేతనే అతడు కాగితముపై లెక్క వేసికొని ఆలోచింపగలిగెను. మన తాపీకూలికి లెక్క వేసికొను తీరిక ఎవ్వరు నివ్వలేదు.

2020లో కరోనా నిర్బంధమున నగరములలోని వలసకూలీలు గది అద్దె కట్టలేక, తిండి లేక, వందల మైళ్ళు నడచి స్వగ్రామములకు పోవుట దేశమంతయు చూచినది. ఆ జులైలో కేంద్రప్రభుత్వము, ఖాళీగా పడియున్న సర్కారు ఇండ్లను వలసవారికి తక్కువ అద్దెకిచ్చు పథకమును మంజూరు చేసెను. చండీగఢు, సూరతు వంటి కొన్నిచోట్ల ఆ పని జరిగెను. మన పురపాలక సంఘములు దానిని పట్టించుకొన్న జాడ మాకు కానరాలేదు. అద్దె వసూలు చేయుట తలనొప్పి, మరమ్మతులు తలనొప్పి, పట్టా పంచినచో ఒక్క సభతో సరిపోవును అని వారి లోపలి మాట. అద్దె యిల్లిచ్చినవానికి ఓటరు ఋణపడడు, నెలనెల కుళాయి కారుచున్నదని యడుగును. అట్లు అడిగించుకొనుటయే పురపాలన మని మేమనుకొందుము.

అందుచేత పట్టాలు మానుమని మేము కోరుట లేదు. సొంత యిల్లు కోరువారి కియ్యవలసినదే. దానితో పాటు, బజారునకు, ఆసుపత్రికి, రైలుస్టేషనునకు నడచిపోగల దూరమున, పురపాలక సంఘమే యజమానిగా కొన్ని యిండ్లు కట్టి అద్దెకియ్యవలెను. ఒడంబడిక పదునొకండు నెలలకు గాక జీవితకాలమునకు వ్రాసి రిజిష్టరు చేయవలెను. అద్దెలో నుండి మరమ్మతులకై కొంత వేరుగ నిధి తీయవలెను, లేనిచో పదేండ్లకు గోడలు కూలును, అప్పుడు అమ్మివేయుటకు సాకు దొరకును. ఆ యిండ్లను ఎన్నటికిని విక్రయింపరాదని ముందుగనే తీర్మానములో చేర్చవలెను. ఎన్నికల సంవత్సరమున తగ్గింపు ధర కమ్మెదమను ఆశ ఎంతటి ప్రభుత్వమునకైనను కలుగునని ఇంగ్లండు కథ చెప్పుచున్నది.

మా మేనల్లుడు గడువులోపల అర్జీ పెట్టలేదు. భార్యాభర్తలు రెండు రాత్రులు తగవులాడుకొని, చివరకు అద్దెకే యుండి, మిగిలిన పైకమును ముసలితనపు టద్దెకై విడిగా దాచుకొనుటకు నిశ్చయించిరట. తప్పు చేసితినేమో యని యిప్పటికిని అప్పుడప్పుడు వ్రాయుచుండును. చేసెనో లేదో మేము చెప్పలేము, ఇరువదేండ్లకు గాని తెలియదు.

మన పురపాలక సభవారి నడుగవలసినది మాత్రము నేడే అడుగవచ్చును. పట్టణపు పొలిమేరలో కట్టిన ఫ్లాటులలో ఎన్ని తాళములు వేసియున్నవి? వానిలో ఎన్నింటి యజమానులు ఊరిలోపల అద్దె గదులలో నున్నారు? మార్కెటు ప్రక్కన సంఘమునకున్న ఖాళీస్థలమెంత? రానున్న బడ్జెటు సమావేశమునకు ముందు ఈ మూడు లెక్కలను నోటీసుబోర్డుపై పెట్టుమని సభ్యులను కోరుచున్నాము.